గోటితో పోయే రావిమొక్క

పాతబడ్డ పెద్ద భవనాన్ని చూడ్డానికి పెద్దలొస్తున్నారంటే ముందురోజు సాయంత్రమే నాకు ఫోనొచ్చేది. “రేపు పదిన్నరకి. టేపు, టార్చిలైటు, హెల్మెట్లు నాలుగు. ఉస్మానియా బిస్కెట్లు మర్చిపోకు. కిందటిసారి క్రీమువి తెచ్చావ్, సారు ముట్టుకోలేదు.”

ముప్ఫై నాలుగేళ్లు ఈ సరంజామా మోశాను. ఏ శాఖ అని అడక్కండి, ఒకటో తారీఖున పింఛను పడుతోంది, దాన్ని పడనివ్వండి. ఏఈగా చేరి డీఈగా దిగాను. ఈ మధ్యలో నేను టేపు కొస పట్టుకున్న శిథిల భవనాలు పదకొండు. ఇవాళ్టికి నిలబడి ఉన్నవి రెండు. ఆ రెండూ నిలిచింది కూడా నా ప్రతిభ వల్ల కాదు, ఫైలు ఎక్కడో పడిపోయినందువల్ల.

సందర్శనకి ఒక శాస్త్రం ఉంది. పదిన్నరంటే పన్నెండుంబావు. కార్లాగుతాయి. పెద్దసారు దిగీ దిగగానే తలెత్తి గుమ్మటం వంక చూసి “అబ్బ!” అంటారు. ఈ ‘అబ్బ’ తప్పనిసరి. అది కాకపోతే మర్నాడు పేపర్లో ‘చారిత్రక కట్టడాన్ని చూసి ముగ్ధులయ్యారు’ అని రాయడానికి వీలుండదు. ఆ తర్వాత చూపు కిందికి దిగుతుంది. దిగిన చూపు మళ్లీ పైకెక్కదు. గేటు నుంచి ప్రహరీ దాకా, ప్రహరీ నుంచి మెయిన్ రోడ్డు దాకా మెల్లగా నడుస్తుంది. “మొత్తం ఎన్నెకరాలోయ్?” ఇదీ మొదటి ప్రశ్న. ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు అన్నది నాలుగోదో ఐదోదో. దానికి నేను జవాబు చెప్పేసరికి అందరూ చాయ్ దగ్గరుండేవారు.

తర్వాత ఘట్టం వేలు. పగులు వైపు వేలు చూపిస్తూ ఫోటో దిగాలి. పగులెంత సన్నదైనా దాని పక్కన ఒక అధికారి వేలు పడిందా, గజం వెడల్పవుతుంది. ఒకసారి ఎంత వెతికినా పగులు దొరకలేదు. ఎండ మండుతోంది, సారు విసుక్కుంటున్నారు. కరెంటు పైపు కోసం ఎప్పుడో గోడలో కొట్టిన గాడి చూపించి గండం గట్టెక్కించాను. మర్నాడు అదే గాడి నాలుగు కాలాల్లో అచ్చయింది, కింద ‘ప్రమాదపుటంచున’ అని. ఆ ఏడు నాకు మంచి కాన్ఫిడెన్షియల్ రిపోర్టు వచ్చింది.

పగులు తర్వాత తట్టడం. పిడికిలితో గోడని రెండుచోట్ల తడతారు. ‘డొల్ల’మని మోగితే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పెచ్చు ఊడి పడితే పండగే. ఆ పెచ్చును కాగితంలో పొట్లం కట్టి ల్యాబుకి పంపమంటారు. నేను కట్టిన పొట్లాలు నా బీరువాలో చాలాకాలం ఉన్నాయి. మా ఆవిడ ఒక దీపావళికి శుభ్రం చేస్తూ ముగ్గులోకి పనికొస్తుందేమోనని చూసింది. సున్నం బాగానే ఉందంది. నాకు తెలిసి ఆ భవనాల మీద జరిగిన ఏకైక పరీక్ష అదే.

చివరికి కార్ల దగ్గర నిలబడి, చాయ్ కప్పు చేత్తో పట్టుకుని, ఆ మాట అంటారు: “పునరభివృద్ధి చెయ్యాలి.” ఎంత చక్కటి మాట! పునర్జన్మ లాంటిది. కాకపోతే పునర్జన్మకి ముందు ఒక చావు కావాలి కదా, ఆ సంగతి ప్రెస్‌నోట్‌లో ఉండదు.

ఆ చావు ఎలా వస్తుందో దగ్గర్నుంచి చూసినవాణ్ని కాబట్టి ఒకటి చెబుతాను. ఉమ్మడి రాష్ట్రంలో, కోస్తాలో ఒక పాత తాలూకా కచేరీ. ఊరి పేరెందుకు. మూరన్నర మందం గోడలు, డంగు సున్నం, బర్మా టేకు దూలాలు, వరండాలో నున్నటి గుండ్రటి స్తంభాలు. ఎండాకాలం మధ్యాహ్నం లోపలికెళ్తే కుండలో కూర్చున్నట్టుండేది. దానికి ఒక వాచరు తాత.

ఒకరోజు ఆయన నన్ను పక్కకి పిలిచి వేలు చూపించాడు. ఆయన చూపించింది పగులు కాదు. పిట్టగోడ మీద, కాకి రెట్టలో మొలిచిన రావిమొక్క. వేలెడంత. రెండాకులు, మూడోది విప్పుకుంటోంది.

“బాబుగారండీ, నిచ్చెనొకటి ఇప్పించండి. ఎక్కి పీకేత్తాను.”

“ఉండు తాతా, పైనుంచి మాట రానీ.”

నేనన్న ఆ మాటకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. కానీ తప్పు నా ఒక్కడిదీ కాదు. నోట్ రాసి పంపాను. మొక్క పీకే పనికి హెడ్ ఆఫ్ అకౌంట్ లేదని తిరిగొచ్చింది. మొక్క నాటడానికి ఉంది. కావాలంటే ఆవరణలో ఇరవై నాటమని, గుంతకి ఇంతని, ముళ్లకంపకి ఇంతని లెక్క కూడా జత చేశారు. నిచ్చెన కొనాలంటే కొటేషన్లు మూడు కావాలి. ఊళ్లో నిచ్చెనలవాడు ఒక్కడే. అద్దెకైతే రోజుకి నలభై రూపాయలు, ఆ నలభైకి ఓచరు ఏ కాలమ్‌లో రాయాలో తేలలేదు. నా జేబులోంచి ఇద్దామా అనుకున్నాను. అలా ఇస్తే పై సంవత్సరం ఆడిట్‌లో ‘అనుమతి లేని మరమ్మతు’ అని రాస్తారని మా సీనియర్ చెప్పాడు. ఆయన అనుభవజ్ఞుడు, ఏ పనీ చెయ్యకుండా మూడు ప్రమోషన్లు కొట్టాడు.

మూడో వానాకాలానికి మొక్క మణికట్టంత అయింది. వేళ్లు సున్నపు అతుకుల్లోంచి దారి వెతుక్కుంటూ కిందికి దిగాయి. వేరు వెంటే నీళ్లు. ఐదో ఏటికి రికార్డు రూములో కారడం మొదలు. తాత ఒక బొక్కెన పెట్టాడు, తర్వాత రెండు, ఆ పైన తన అన్నం గిన్నె కూడా. ఈలోగా పాచ్ వర్క్ అని ఎవరో సిమెంటు మెత్తారు. అది ఇంకా ఘోరం. సున్నపు గోడకి ఊపిరుంటుంది. తడి పీల్చుకుంటుంది, ఎండలో వదిలేస్తుంది. సిమెంటు దాని ముక్కూ నోరూ మూసేస్తుంది. లోపలి చెమ్మ బయటికి రాలేక, ఉప్పు పేరుకుని, ఇటుకను పొడిపొడి చేస్తుంది. పెచ్చులూడేది అప్పుడు. ఆ పెచ్చుల్ని చూపించి, “చూశారా, పాతకాలపు సున్నం!” అంటారు. హంతకుడే సాక్షి అన్నమాట.

ఏడో ఏట సందర్శన జరిగింది. హెల్మెట్లు, వేలు, ‘అబ్బ’, అన్నీ సక్రమంగా జరిగాయి. ‘వృక్షమూలాల వల్ల నిర్మాణం తీవ్రంగా దెబ్బతిన్నది’ అని నివేదిక. గోటితో పోయేదానికి గొడ్డలి అన్నారే పెద్దలు, మాకు గొడ్డలీ కుదర్లేదు. అప్పటికది మొక్క కాదుగా, చెట్టు! వాల్టా చట్టం వచ్చిన కొత్త. చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. దరఖాస్తు పెట్టాం. ఈలోగా భవనం కూల్చడానికి అనుమతి వచ్చేసింది, చెట్టుకి రాలేదు. భవనాన్ని కూల్చి చెట్టుని కాపాడమన్నారు. చెట్టున్నది గోడ మీదే కదండీ అని నేనడిగితే, “అది సైట్‌లో చూసుకో” అన్నారు.

కూలిపోతుందన్న భవనాన్ని కూల్చడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. ప్రొక్లెయిన్ పళ్లు రెండు విరిగాయి. శిథిలమైందని సంతకం పెట్టిన చేత్తోనే ఆ పళ్ల బిల్లు మీదా సంతకం పెట్టాను. ఇక టేకు దూలాలు. పాట పెట్టారు. పాడుకున్నాయన కొత్త ఇల్లు కట్టుకుని, వాటితోనే ద్వారబంధాలు చేయించుకున్నాడు. శిథిలమైన కలపతో కొత్త ఇల్లెలా నిలుస్తుందోనన్న అనుమానం ఊళ్లో ఒక్కడికీ రాలేదు. గృహప్రవేశానికి నన్నూ పిలిచారు. పులిహోర బాగుంది.

అక్కడ పునరభివృద్ధి ఇంకా మొదలవలేదు. భవనం ఉన్నప్పుడు ఒక వాచరుండేవాడు. ఖాళీ స్థలానికి ముగ్గురున్నారు.

రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం ముందు నిలబడ్డాను. డ్యూటీ కాదు కాబట్టి టేపు లేదు, హెల్మెట్ లేదు. అలవాటు చొప్పున బిస్కెట్లు మాత్రం జేబులో ఉన్నాయి. తలెత్తి చూశాను. నా నోటి నుంచీ ‘అబ్బ’ వచ్చింది. ఫోటో తీసేవాడు లేకుండా వచ్చిన మొదటి ‘అబ్బ’ అది. అంత పెద్ద గుమ్మటం, పక్కన చిన్న గుమ్మటాలు, ఛత్రీలు, ఝరోకాలు. ఆ తర్వాత నా కళ్లు పిట్టగోడ మీదికి వెళ్లాయి. వృత్తిరోగం. ఆకులు గాలికి ఊగుతున్నాయి. పిట్టగోడ మీదే కాదు, అతుకు దొరికినచోటల్లా.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ఊడ్చేసినప్పుడు ఇక్కడున్న పాత ఆసుపత్రి కూడా పోయింది. ఈ ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభైమంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. దాన్ని పునరభివృద్ధి చెయ్యాలని ఎవరికీ తోచకపోవడమే కారణమని నా అనుమానం. ఆ పాత ఆసుపత్రికి ఇంకో ఘనత ఉంది. 1888, 1889ల్లో ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ నడిపించిన క్లోరోఫాం కమిషన్లతో వైద్యలోకమంతా హైదరాబాదు పేరు చదివింది. కమిషన్ అంటే అప్పట్లో పరిశోధన అని అర్థం.

వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. ఏడో నిజాం ఆసుపత్రి గీతలు గీసే పని విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టుకి అప్పజెప్పాడు. కాచిగూడ స్టేషనూ, అవతలి ఒడ్డున సిటీ కాలేజీ కూడా ఆయనవే. 1925 నాటికి ఆసుపత్రి సిద్ధమైంది. అంటే పదిహేడేళ్లలో ఊరు బురద కడుక్కుని, శవాలు లెక్కపెట్టుకుని, నదికి ఎగువన ఆనకట్ట కట్టి, ఒడ్డున ఆసుపత్రి లేపింది. కంప్యూటర్లు లేవు, డ్రోన్లు లేవు, కన్సల్టెంట్లకి పవర్‌పాయింట్ లేదు. పాపం, వాళ్లకి పని చెయ్యడం తప్ప వేరే దారి లేకపోయింది.

మనకి దారులెక్కువ. 2015 జులైలో ముఖ్యమంత్రి వచ్చి చూశారు. భవనం ప్రమాదకరంగా ఉంది, కూల్చేసి టవర్లు కడతామన్నారు. ఊరు లేచింది, వద్దంది. ఒక నివేదిక అపాయమంది, ఇంకోటి మరమ్మతు చేస్తే నిలుస్తుందంది. కమిటీ, కోర్టు, మళ్లీ కమిటీ. నాకు తెలిసినంతలో ఇంజినీర్లకు అభిప్రాయభేదం రావడానికి రెండే కారణాలుంటాయి: ఒకటి గోడ, రెండోది ఎవరు అడిగారన్నది. ఈ వాదాలు నడిచినన్నాళ్లూ భవనం మీద మొక్కలు ఏ పక్షమూ తీసుకోలేదు. అవి పెరిగాయి.

2020 జులైలో భారీ వానకి మురుగు పొంగి కింది అంతస్తు వార్డుల్లోకి వచ్చింది. మంచాల కింద నీళ్లు పారుతుంటే రోగులు కాళ్లు మడుచుకుని కూర్చున్న దృశ్యాన్ని దేశమంతా టీవీలో చూసింది. పొంగింది కాలువ. తాళం పడింది భవనానికి. ఆ నెలలోనే రోగుల్ని ఖాళీ చేయించి పక్క బ్లాకుల్లోకి సర్దారు. కాలువ మీద ఏ కమిటీ వేసిన జ్ఞాపకం నాకు లేదు. కాలువ పక్కన నిలబడి ఫోటో దిగడానికి ఎవరికి బుద్ధి పుడుతుంది చెప్పండి. దానికి గుమ్మటం ఉండదు, ‘అబ్బ’ అనడానికి వీలుండదు, పైగా వాసన.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, లేకపోతే నా పింఛనే నన్ను తిడుతుంది. అక్కడి డాక్టర్లు హెల్మెట్లు పెట్టుకుని రోగుల్ని చూస్తూ నిరసన తెలిపారు ఒకప్పుడు, పైకప్పు పెచ్చులు నెత్తిన పడుతున్నాయని. మేం తెచ్చిన హెల్మెట్లు పావుగంట ఫోటో కోసం. వాళ్లవి నెత్తి కోసం. వాళ్లు అడిగింది న్యాయం. ఆ ఆసుపత్రికొచ్చేది ఎక్కడా దిక్కులేనివాడు; వాడి నెత్తిన పెచ్చు పడితే ‘ఇండో సారసెనిక్ పెచ్చు’ అని ఓదారిస్తే ఊరుకుంటాడా? మంచం కావాలి, ఆక్సిజన్ పైపు కావాలి, లిఫ్టు కావాలి. కొత్త ఆసుపత్రి ఎప్పుడో కట్టాల్సింది. పాతది నిలబెట్టడమూ, కొత్తది కట్టడమూ రెండు వేరువేరు పనులు. ఈ రెండిటికీ ముడిపెట్టి, ఒకటి కావాలంటే ఇంకోటి చావాలన్నారే, అదీ కిటుకు. ఆవరణ దాదాపు 26 ఎకరాలని మరిచిపోకండి. ‘మొత్తం ఎన్నెకరాలోయ్’ అన్న మొదటి ప్రశ్న గుర్తుందా?

వారసత్వ ప్రేమికుల్ని వదిలేశానని అనుకోకండి. ఆదివారం పొద్దున్నే మెళ్లో కెమెరాలతో వాళ్లూ వస్తారు. వాళ్ల ‘అబ్బ’ ఇంకా దీర్ఘం. ఊడిన గచ్చునీ, వేళ్లు చీల్చిన కమానునీ దగ్గర్నుంచి, వెలుతురు చూసుకుని తీస్తారు. ‘శిథిలసౌందర్యం’ అంటారు. రావిమొక్కతో సహా ఫ్రేము కడితే ఫోటోకి ప్రాణమొస్తుందట. ఒకాయన నాతోనే అన్నాడు, “సార్, ఆ మొక్క ఉంటేనే అందం.” ఆయనకి పీకే ఉద్దేశం లేదు, పెద్దసారుకి పీకే పద్దు లేదు. ఇద్దరి మధ్యా మొక్క క్షేమం.

2025 జనవరి 31న గోషామహల్‌లో 2,000 పడకల కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. మంచిదే. పాతదాన్ని వారసత్వ కట్టడంగా కాపాడతామనీ అన్నారు. అదీ మంచిదే. అయితే ముప్ఫై నాలుగేళ్ల అనుభవంతో ఒక సంగతి చెప్పాలి. ‘కాపాడతాం’ అన్న రోజే భవనానికి గడ్డుకాలం మొదలవుతుంది. కూలుస్తామంటే ఊరు కాపలా కాస్తుంది, కోర్టు కన్నేసి ఉంచుతుంది, పేపర్లు రాస్తాయి. కాపాడతామన్నాక అందరూ ఇళ్లకి పోయి పడుకుంటారు. మెలకువగా ఉండేవి రావిమొక్కలే.

ఎర్రమంజిల్ చూడండి. నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించుకున్న కొండమీది మహలు. తర్వాత్తర్వాత అందులో ఇంజినీర్ల ఆఫీసులే నడిచాయి. మా జాతివాళ్లే! తమ నెత్తిమీది కప్పు కారుతుంటే బల్ల జరుపుకుని కూర్చున్న ఘనులం. 2019 జూన్‌లో అక్కడ కొత్త శాసనసభ కడతామని శంకుస్థాపన చేశారు. సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. మిఠాయిలు పంచుకున్నారు. కూల్చొద్దని కోర్టు చెప్పగలదు. చూరు మీద చెత్త ఊడవమని జడ్జిగారు రోజూ వచ్చి చెప్తారా?

సైఫాబాద్ ప్యాలెస్‌కి ఆ మిఠాయి కూడా దక్కలేదు. 1888 నాటి భవనం, సచివాలయంలో జీ బ్లాకు. కట్టించిన ఆరో నిజాం అక్కడికి వస్తుంటే దారికి ఉడుము అడ్డొచ్చిందనీ, అపశకునమని తాళం వేయించాడనీ ఊళ్లో ఒక కథ. విని నవ్వుకుంటాం, రాజులు ఎంత అమాయకులోనని. 2020 జులైలో, అంటే ఉస్మానియాలోకి నీళ్లొచ్చిన ఆ నెలలోనే, చుట్టూ ఉన్న బ్లాకులతో కలిపి దాన్నీ నేలమట్టం చేశారు. సౌకర్యాలు చాలవన్నారు, అగ్నిప్రమాదం వస్తే తప్పించుకోలేమన్నారు, వాస్తు అన్న మాటా ఊరంతా వినపడింది. ఉడుముని చూసి జడుసుకున్న నిజాం తాళమే వేశాడు. గడ్డపార పట్టలేదు.

మరి చెయ్యడం చేతకాకనా అంటే, అదీ కాదు. మొజంజాహీ మార్కెట్టు ఉంది కదా, 1935 నాటి రాతి కట్టడం. ఎన్నేళ్లు ఫ్లెక్సీలూ, వైర్లూ, రేకుల పందిళ్లూ మోసిందో. వాటన్నిటినీ పీకి, రాయి కడిగి, కప్పు బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఐస్‌క్రీం అదే రుచి, గడియారం గోపురం అదే. కోఠీలో రెసిడెన్సీ ఇంకా పాతది, 1803 ప్రాంతంలో మొదలైంది. ఆడపిల్లల కాలేజీగా దశాబ్దాలు నడిచి, గోడలు తడిసి, కప్పు కుంగి, ఇక అయిపోయిందనుకున్నారు. ఇరవయ్యేళ్లు ఈడ్చినా, చివరికి దర్బారు హాలుని నిలబెట్టి 2023 జనవరిలో తెరిచారు. అక్కడ పని చేసినవాళ్లెవరూ మంత్రాలు వెయ్యలేదు. సున్నం నానబెట్టారు, గానుగ తిప్పారు, పగుళ్లు కుట్టారు. నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో ముందు అది చూశారు. మా శాఖలో నీళ్ల సంగతి చూడాలంటే ఎండాకాలంలో వెళ్తాం, రోడ్లు బాగుంటాయని.

రెండు వందల ఇరవయ్యేళ్ల రెసిడెన్సీ నిలిచింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దగ్గరుండి పోయించిన స్లాబు ఒకటి ఈమధ్యే శిథిలమని ముద్ర వేయించుకుంది. వాళ్లు పిలిస్తే వెళ్లాను కూడా. పగులు వైపు వేలు చూపించమన్నారు. ఆ పగులు నాకు బాగా తెలుసు. కంకర వేసిన రోజు నుంచీ.

ఉస్మానియా ముందు మెట్ల మీద కూర్చుని జేబులోంచి బిస్కెట్ తీశాను. ఈ బిస్కెట్ ఆసుపత్రిలో రోగుల కోసమే మొదట చేశారని హైదరాబాదులో ఒక కథ చెప్పుకుంటారు. నిజమో కాదో, పేరు మాత్రం అదే. చాయ్‌లో ముంచితే మూడు లెక్కపెట్టేలోగా విరిగిపోయే ఆ బిస్కెట్ వందేళ్లుగా నిక్షేపంలా ఉంది. ఎందుకో తెలుసా? దాన్ని రోజూ చేస్తారు. పొద్దున్నే పిండి కలిపేవాడు కమిటీ వెయ్యడు.

పక్కన కూర్చున్న ఒకాయన, చేతిలో ఎక్స్‌రే కవరు, నన్నడిగాడు: “అన్నా, ఈ దవఖానా మళ్ల తెరుస్తరా?”

తెలీదన్నాను. ముప్ఫై నాలుగేళ్లలో నేను చెప్పిన మొదటి నిజమైన ఇన్‌స్పెక్షన్ రిపోర్టు అది. బిస్కెట్ ఒకటిచ్చాను. తీసుకున్నాడు.

కాబట్టి ఇకమీదట ఆ గేటు దగ్గర కార్లు దిగబోయే పెద్దలకి ఒక విన్నపం. ఏ పార్టీ వారైనా, ఏ శాఖ వారైనా సరే. టేపు తేవద్దు, ఎకరాలు ఎవరూ ఎత్తుకుపోలేదు. టార్చిలైటు వద్దు, కప్పులో చిల్లులున్నాయి, వెలుతురు బాగానే పడుతోంది. డ్రోన్ అసలే వద్దు. హెల్మెట్లు డాక్టర్ల దగ్గరున్నాయి, అడిగితే ఇస్తారు. బిస్కెట్ల సంగతి నేను చూసుకుంటాను.

నిచ్చెన తెండి. ముప్ఫై నాలుగేళ్లలో మీరు నన్ను ఒక్కసారైనా అడగని వస్తువు అదొక్కటే. మనిషిని వెతకక్కర్లేదు, చేతనైనంతవరకూ నేనే ఎక్కుతాను. నేను పడిపోతే ఆసుపత్రి పక్కనే. మొన్న గౌలిగూడలో కనుక్కున్నాను, వెదురు నిచ్చెన ఇంకా రోజువారీ అద్దెకి దొరుకుతోంది. కొటేషన్ ఒక్కటే ఇస్తాడట.